ఆకాశమును కోరిన ఛాయాగ్రాహకుడు: ఎయిజి త్సుబురాయ

జపాను దేశమున ఫుకుషిమా మండలమునందు సుకగావా అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణపు వీధిలో నేడు నడచువారికి కొన్ని వింత విగ్రహములు కనబడును. అవి రాజులవి కావు, సేనానులవి కావు, కవులవియు కావు. వెండిరంగు దేహముతో, కోడిగ్రుడ్డువంటి కన్నులతో నిలిచియున్న వీరుడొకడు. వానికి తోడుగా కొమ్ములు, పొలుసులు గల భీకరమృగములు కొన్ని. 2013వ సంవత్సరమున ఈ పట్టణమువారు, ఎమ్ 78 అను నెబ్యులాలో ఉన్నదని కథలలో చెప్పబడిన కాంతిదేశముతో సోదరనగర సంబంధమును ప్రకటించుకొనిరి. లేని దేశముతో ఉన్న ఊరికి చుట్టరికము!

ఊరిపెద్దలు ఇట్టి చమత్కారమునకు పూనుకొనుటకు కారణము ఆ ఊర పుట్టిన ఒక ఛాయాగ్రాహకుడు. ఆయన పేరు ఎయిజి త్సుబురాయ. గాడ్జిల్లా అను మహామృగమును వెండితెరమీద నడిపించినవారిలో ముఖ్యుడు ఆయన. అల్ట్రామాన్ అను వీరుని ఇంటింటికి తెచ్చినవాడును ఆయనయే. ఆయన పేరు వినని బాలురు సయితము ఆయన సృష్టిని ఏదో యొక రూపమున చూచియే యుందురు. అయినను ఆ సృష్టి వెనుకనున్న జీవితము కేవలము ఆటబొమ్మల కథ కాదు. నేర్చిన విద్యను ఎవరికొరకు, దేనికొరకు వినియోగింపవలెనను ప్రశ్న ఆ జీవితమున ఆద్యంతము కనబడును. కావున ఉపాధ్యాయులును, విద్యార్థులును దానిని తెలిసికొనుట ఉచితము.

బాల్యము

త్సుబురాయ 1901వ సంవత్సరము జూలై నెలలో జన్మించెను. పెద్దలు పెట్టిన పేరు ఎయిచి. ఎయిజి అనునది తరువాత వాడుకలోనికి వచ్చినది. ఆయన కుటుంబమువారు కోజీ వ్యాపారము చేయువారు. ఉడికించిన బియ్యమును ఒక విధమైన బూజుతో పులియబెట్టి తయారుచేయు పదార్థమే కోజీ. జపానువారి సోయా రసములకు, మద్యములకు అదియే మూలము. ఇంట కలిమికి లోటు లేదు. కాని బాలునకు మూడేండ్లు నిండీ నిండకముందే తల్లి మరణించెను. తండ్రి ఇల్లు విడిచి పోయెను. తల్లిలేని పిల్లవానిని అమ్మమ్మ పెంచెను. వయస్సున తనకంటె అయిదేండ్లు మాత్రమే పెద్దయైన మేనమామ అన్నవలె తోడుండెను.

1910 డిసెంబరులో టోక్యో నగరమున తొకుగావా, హినో అను సైనికోద్యోగు లిద్దరు విమానములను నడిపిరి. జపాను గడ్డమీదనుండి మానవుడు యంత్రముతో ఆకాశమున కెగయుట అదియే ప్రథమము. ఆ వార్త దేశమంతటిని ఊపివేసెను. సుకగావాలోని తొమ్మిదేండ్ల బాలుని హృదయమున అది నిలిచిపోయెను. పత్రికలలోని బొమ్మలను చూచి, కొయ్యముక్కలను చెక్కి, కాగితము నంటించి, బాలుడు చిన్న చిన్న విమానములను నిర్మించుచుండెను. ఈ పని తాత్కాలికపు వేడుక కాలేదు. ఏండ్లు గడచినకొలది అతని విమానములు పెద్దవయ్యెను, నిజమైనవానికి దగ్గరయ్యెను. స్థానిక పత్రికవారు వచ్చి వానిని గురించి వ్రాసిరి.

ఆ దినములలోనే అతడు చలనచిత్రమును మొదటిసారి చూచెను. అది అగ్నిపర్వతము బ్రద్దలగుటను చూపిన చిత్రము. తక్కినవారు తెరవంక చూచుచుండగా ఈ బాలుని చూపు బొమ్మను విసరు యంత్రముపై నిలిచెను. పిదప ఆటవస్తువుగా అమ్ము చిన్న ప్రదర్శనయంత్రమును కొనుక్కొని, కాగితముమీద తానే బొమ్మలు గీసి త్రిప్పి చూచుకొనెనట. ఏ వస్తువైనను ఎట్లు పనిచేయుచున్నదో విప్పి చూడక వదలని స్వభావము అతనికి పుట్టుకతో వచ్చినది.

పదునైదేండ్లు దాటగనే ఆ బాలుడు టోక్యోకు పోయి, 1916లో హనేడాయందు క్రొత్తగా స్థాపింపబడిన విమానశిక్షణ పాఠశాలలో చేరెను. అతని ఆశ అచిరకాలములోనే కూలినది. 1917 మే నెలలో ఆ పాఠశాల స్థాపకులలో ఒకడును, శిక్షకుడును అగు తమాయ్ సెయితారో ప్రదర్శన చేయుచు విమానము కూలి మరణించెను. ఉన్న విమానము పోయెను, గురువు పోయెను. వైమానికుడు కావలెనను బాలుని కోరికయు దానితోనే ముగిసెను. ఆకాశమును అందుకొనుటకు అతడు వేరు మార్గమును వెదకికొనవలసి వచ్చినది.

పూలతోటలో తగవు

త్సుబురాయ ఆ పిదప టోక్యోలోని కాండా ప్రాంతమున విద్యుచ్ఛాస్త్రమును బోధించు పాఠశాలలో చేరెను. చదువుకొనుచునే ఒక ఆటబొమ్మల సంస్థకు క్రొత్త వస్తువులను కల్పించి ఇచ్చుచుండెను. పిల్లలు కాలితో నెట్టుకొనుచు తొక్కు బండి మొదలైనవి ఆయన ఊహలే. అందుకు ప్రతిఫలముగా కొంత ధనము చేతికి వచ్చెను. 1919లో చెర్రీపూలు విరిసిన దినములలో ఆయన ఆ ధనముతో తోటిపనివారికి విందు చేసెను. పూలచెట్ల క్రింద విందులు చేసికొనుట జపానువారి ఆచారము. ఆనాడు ప్రక్కనే మరియొక బృందము విందు చేసికొనుచుండెను. మాటకు మాట పెరిగి రెండు బృందములకు తగవు వచ్చెను. త్సుబురాయ నడుమ నిలిచి సర్దిచెప్పెను. ఆ రెండవ బృందమున ఎదమసా యొషిరో అను చలనచిత్ర దర్శకుడుండెను. ఈ యువకుని నేర్పును, యంత్రములపై అతనికి గల మక్కువను తెలిసికొని, ఆయన తన సంస్థలో పనియిచ్చెను. ఒక తగవు తీర్చబోయి యువకుడు తన జీవనోపాధిని సంపాదించుకొనెను.

నడుమ సైన్యమున చేరవలసివచ్చి, ఆ గడువు ముగిసిన పిదప ఇల్లు చేరెను. ఇంటివారు కులవ్యాపారమును చూచుకొమ్మని కోరిరి. ఆయన మనసు అందు నిలువలేదు. మరల టోక్యో, అచటినుండి క్యోటో. 1926లో కినుగసా తెయినొసుకే దర్శకత్వమున నిర్మింపబడిన ఉన్మత్తుల ఆసుపత్రి కథాచిత్రమునకు ఆయన సహాయ ఛాయాగ్రాహకుడు. జపాను మూకీచిత్రములలో మిక్కిలి సాహసోపేతమైనదిగా విమర్శకులు నేటికిని దానిని కొనియాడుదురు.

క్యోటోలో త్సుబురాయ క్రొత్త పద్ధతులను విడువక ప్రయత్నించుచుండెను. దృశ్యమునకు లోతు కలుగుటకై పొగను విరివిగా వాడుటచే తోటివారు ఆయనకు పొగ పేరుతో ఒక మారుపేరు పెట్టిరి. కెమెరాతోపాటు మనిషిని పైకెత్తు పొడవైన చేతిగల యంత్రమును కల్పించెను. ఒకనాడు ఆ యంత్రముమీదనుండి పడి గాయపడగా, చూడవచ్చినవారిలో నొకతెయగు అరకి మసానో అను యువతి పరిచర్య చేసెను. 1930లో వారిరువురికి వివాహమయ్యెను. వారికి హజిమె, నొబొరు, అకిరా అను మువ్వురు కుమారులు. ఆమె క్రైస్తవ కేథలిక్కు విశ్వాసము గలది. తరువాతి కాలమున ఆయనయు ఆ మతమునే స్వీకరించెను.

1933లో అమెరికానుండి కింగ్ కాంగ్ అను చిత్రము జపానుకు వచ్చెను. మహాకాయమైన వానరమొకటి న్యూయార్కు మేడలనెక్కు కథ యది. త్సుబురాయ దానిని చూచి నిశ్చేష్టుడయ్యెను. ఆ చిత్రపు ప్రతిని సంపాదించి, ఒక్కొక్క బొమ్మను విడివిడిగా పరిశీలించి, ఏ బొమ్మలో ఏ ఉపాయము దాగియున్నదో గ్రహింప యత్నించెను. బాలుడుగా యంత్రమును చూచిన కన్నులే ఇప్పుడును పనిచేసినవి. ఇట్టి చిత్రమును తాను ఒకనాడు తీయవలెనని ఆయన సంకల్పించుకొనెను. ఆ సంకల్పము నెరవేరుటకు ఇరువది యొక్క సంవత్సరములు పట్టినది.

కొలతల విద్య

ఇచట ఆ విద్యయొక్క మర్మమును కొంత చెప్పుట అవసరము. ఏబది మీటర్ల మేడను ఇరువదియైదవ వంతున నిర్మించినచో అది రెండు మీటర్ల బొమ్మ యగును. ఆ బొమ్మను కూల్చి మామూలుగా చిత్రించినచో ఎవరును మోసపోరు. ఏలయన, ఏబది మీటర్ల ఎత్తునుండి రాయి పడుటకు మూడు సెకనులకు పైగా పట్టును. రెండు మీటర్ల ఎత్తునుండి పడుటకు రమారమి సెకనులో మూడింట రెండువంతులు చాలును. ఎత్తు ఇరువదియైదవ వంతైనప్పుడు కాలము అయిదవ వంతగును. కాలము ఎత్తుయొక్క వర్గమూలమును బట్టి మారునని భౌతికశాస్త్ర విద్యార్థు లెరుగుదురు. కావున సెకనుకు 24 బొమ్మలకు బదులు, సూత్రము ప్రకారము, 120 బొమ్మలు తీసి, వానిని మామూలు వేగమున చూపవలెను. అప్పుడు బొమ్మమేడ నిజమైన మేడవలె బరువుగా, మెల్లగా కూలును. సముద్రమును పైనుండి చూపవలసివచ్చినచో నీటికి బదులు సముద్రపు నాచునుండి తీసిన జిగురును పరచి అలలను దిద్దుదురు. త్సుబురాయ చేసినది మంత్రము కాదు. లెక్క, ఓర్పు, చేతిపని. పాఠశాలలో నేర్చు సూత్రమే ఆయన చేతిలో నగరములను కూల్చెను.

1935లో జపానువారి పురాతన కథయగు కగుయాహిమె చలనచిత్రమైనప్పుడు ఆయన దానికి ఛాయాగ్రాహకుడు. వెదురుబొంగులో దొరికిన శిశువు అందాలరాశియై, తుదకు తన స్వస్థలమగు చంద్రలోకమునకు మరలిపోవుట ఆ కథ. 1937లో తోహో సంస్థ ఏర్పడినప్పుడు మోరి ఇవావో అను నిర్మాత ఆయనను పిలిచి, ప్రత్యేకకళల శాఖకు అధిపతిని చేసెను. అధిపతి యనుట పేరునకు మాత్రమే. తొలిదినములలో శాఖ యంతయు ఆయన యొక్కడే. బొమ్మలతో దృశ్యములు కల్పించుట ఛాయాగ్రాహకులకు తగని పనియని ఆనాటి సహోద్యోగులు కొందరు తలచిరి.

యుద్ధకాలము

ఆ చిన్నచూపును తొలగించినది యుద్ధము. సైన్యమునకు ప్రజలను ఉత్సాహపరచు చిత్రములు కావలెను. నిజమైన యుద్ధనౌకలను, విమానములను చిత్రములకొరకు నాశనము చేయుట సాధ్యము కాదు. అప్పుడు అందరికిని త్సుబురాయ గుర్తునకు వచ్చెను. 1940లో వచ్చిన విమానయుద్ధ చిత్రమునకు ఆయన పనితనము మన్ననల నందెను. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసెను. ఆ మరుసటి సంవత్సరము, ఆ దాడి జరిగి ఏడాది నిండు సమయమునకు, యమమొతొ కజిరో దర్శకత్వమున హవాయి మలయా సముద్రయుద్ధ చిత్రము వెలువడెను. త్సుబురాయ చిత్రశాల యావరణలో రేవును, కొండలను, నౌకలను చిన్నకొలతలో నిర్మించెను. నౌకాదళమువారు రహస్యము పేరిట వివరముల నీయలేదు. దొరికిన ఛాయాచిత్రములను ముందుంచుకొని, కొండల ఎత్తును, నౌకల నిడివిని లెక్కకట్టుకొనవలసి వచ్చెను.

ఆ చిత్రమును జపాను ప్రజలు తండోపతండములుగా చూచిరి. యుద్ధానంతరము దానిని చూచిన అమెరికను అధికారులు కొందరు అది యథార్థముగా దాడివేళ తీసిన చిత్రమని భ్రమించిరని చెప్పుదురు. కళాకారునకు ఇంతకంటె గొప్ప ప్రశంస యుండదని తోచవచ్చును. కాని ఆ చిత్రమును చూచి ఉప్పొంగి విమానదళమున చేరిన కుర్రవాండ్రు ఎందరో, వారిలో ఇల్లు చేరనివారు ఎందరో తలచుకొన్నచో ఆ ప్రశంస చేదుగా మారును. ఆకాశమును ప్రేమించినవాడు ఆ ప్రేమను తెరమీద చూపెను. ప్రభుత్వము దానిని ఎరగా వాడుకొనెను. ఆ పనిలో ఆయనకు బాధ్యత లేదని చెప్పుటకు వీలులేదు. ఆయన బలవంతమున చేయలేదు. తన విద్యకు తొలిసారిగా దొరికిన గౌరవమునకు సంతోషించి చేసెను. ఉపాధ్యాయులు తమ శిష్యులతో చర్చింపదగిన ఘట్టమిది.

1945లో జపాను ఓడిపోయెను. టోక్యో అగ్నికి ఆహుతియయ్యెను. ఆక్రమణ ప్రభుత్వము యుద్ధప్రచారమున పాలుగొన్నవారిని ఉద్యోగములనుండి తొలగించుచుండగా, త్సుబురాయయు 1948లో తోహోను విడిచెను. ఏబదియవ పడికి చేరువలో నున్న మనిషి, భార్యాపుత్రులతో, ఉద్యోగము లేక, టోక్యోలోని సొషిగయా ప్రాంతమున తన యింటిలోనే చిన్న పరిశోధనశాలను పెట్టుకొనెను. ఇతర సంస్థలకు అదృశ్య మనుష్యుని కథవంటి చిత్రములకు పనిచేసి ఇచ్చుచు కాలము గడిపెను. ఆయన కుదుటపడి తోహోలో మరల నిలద్రొక్కుకొనుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. ఆక్రమణ 1952లో ముగిసెను.

సముద్రమునుండి వచ్చిన మృగము

1954 మార్చి 1వ తేదీన అమెరికా పసిఫిక్ మహాసముద్రమందలి బికినీ దీవులవద్ద హైడ్రోజను బాంబును పరీక్షించెను. దాని శక్తి 15 మెగాటన్నులు. ఆ సమయమున దూరమున చేపలు పట్టుచున్న జపాను నావ యొకదానిపై తెల్లని బూడిద కురిసినది. ఆ నావ పేరునకు అదృష్టనాగము అని అర్థము. అందలి 23 మంది జాలరులు రోగగ్రస్తులైరి. వారిలో తంతివార్తల ఉద్యోగి సెప్టెంబరు 23వ తేదీన మరణించెను. హిరోషిమా, నాగసాకి నగరముల పిదప తొమ్మిదేండ్లకే జపాను ప్రజలు మరల ఆ భయమును అనుభవించిరి. చేపను ముట్టుటకు గృహిణులు జంకిరి.

ఆ వేళ తోహో నిర్మాత తనాకా తొమొయుకి ఒక సమస్యలో నుండెను. ఇండొనేసియాతో కలిసి తీయదలచిన చిత్రము ఆగిపోయినది; దాని స్థానమున వేరొకటి కావలెను. సముద్రగర్భమున నిద్రించుచున్న పురాతన జంతువు బాంబువలన మేల్కొని నగరముపై పడుట అను ఊహ ఆయనకు కలిగెను. హిందూమహాసముద్రమున మహాకాయమగు అష్టపాది నావలను పట్టుకొను కథను త్సుబురాయ అంతకు పూర్వమే సూచించియుండెను. నవలాకారుడు కయామా షిగెరు కథ కల్పించెను. హొండా ఇషిరో దర్శకుడు. ఆయన యుద్ధమునుండి తిరిగివచ్చుచు హిరోషిమా శిథిలములను కన్నులార చూచినవాడు. సంగీతము ఇఫుకుబె అకిరా. వీరందరు కలిసిరి, గోజిరా పుట్టెను. లోకము దానినే గాడ్జిల్లా యనును.

కింగ్ కాంగ్ చిత్రమునందు వలె, బొమ్మను ఇసుమంత కదిపి ఒక్కొక్క చిత్రము తీయుటకు కాలము లేదు. ఆ పద్ధతిలో ఏండ్లు పట్టును. కావున మనిషి లోపల దూరి నడచు తొడుగును చేయించిరి. మొదటి తొడుగు నూరు కిలోలకు పైబడిన బరువు. అందులో దూరిన నకజిమా హరువో అను నటుడు దీపముల వేడిమికి చెమటలో తడిసి, కొలది నిమిషములకంటె నిలువలేకపోయెడివాడు. టోక్యోలోని గింజా ప్రాంతపు మేడలను ఇరువదియైదవ వంతున నిర్మించిరి. మృగపు గర్జనను ఏ జంతువునుండియు గ్రహింపలేదు. ఇఫుకుబె బృందమువారు పెద్ద తంత్రీవాద్యపు తీగను వదులుచేసి, గుగ్గిలము పూసిన తోలుతొడుగు చేతితో రాచి ఆ ధ్వనిని సాధించిరి.

1954 నవంబరు 3వ తేదీన చిత్రము విడుదలయ్యెను. సుమారు 96 లక్షల మంది చూచిరి. చిత్రములో టోక్యో మరల కాలిపోయెను. ఆసుపత్రులు మరల నిండిపోయెను. తల్లులు పిల్లలను పొదివికొని గోడల ప్రక్కన కూలబడిరి. చూచువారిలో అనేకులు అట్టి రాత్రులను తొమ్మిదేండ్ల క్రిందట స్వయముగా అనుభవించినవారే. పండ్రెండేండ్ల పూర్వము శత్రువు రేవును చిన్నదిగా నిర్మించి తగులబెట్టి ప్రజలచే జేజేలు కొట్టించిన హస్తములు, ఇప్పుడు తన నగరమునే చిన్నదిగా నిర్మించి తగులబెట్టి అదే ప్రజలచే కన్నీరు పెట్టించినవి. విద్య అదియే; లెక్కలు అవియే; వినియోగము మాత్రము వేరు. త్సుబురాయ తన పశ్చాత్తాపమును వ్యాసములుగా వ్రాసెనో లేదో యను విచారణకంటె ఈ చిత్రమును చూచుట మేలు.

ఆ పిదప రొదాన్, మొత్రా మొదలగు మృగములు వరుసగా వచ్చినవి. 1962లో ఆయన యౌవనపు ఆరాధ్యమగు కింగ్ కాంగును తన గాడ్జిల్లాతో పోరించు చిత్రమును తీయుటకు అవకాశము కలిగెను. దానిని చూచినవారు కోటి పండ్రెండు లక్షలమంది. క్రమముగా ఈ చిత్రములకు వచ్చువారిలో పిల్లలు అధికులగుచుండిరి. యుద్ధమును ఎరుగని తరమది. వారికి ఏమి చూపవలెనను ఆలోచన త్సుబురాయను ఆవరించెను.

ఆదివారపు వీరుడు

1963లో ఆయన తన పేరిట స్వంత సంస్థను స్థాపించెను. అప్పటికి ఇంటింటను టెలివిజను ప్రవేశించుచుండెను. పెద్ద కుమారుడు హజిమె టీబీఎస్ ప్రసార సంస్థలో దర్శకుడు. ఒక ధారావాహికను నమ్ముకొని త్సుబురాయ అమెరికానుండి సుమారు నాలుగు కోట్ల యెన్ల విలువగల చిత్రసమ్మేళన యంత్రమును తెప్పించుటకు ఆజ్ఞయిచ్చెను. వేర్వేరుగా తీసిన బొమ్మలను ఒకే బొమ్మగా కూర్చు యంత్రమది. ఇంతలో ఆ ధారావాహిక రద్దయ్యెను. చేతిలో ధనము లేదు, యంత్రము వచ్చుచున్నది. తుదకు టీబీఎస్ వారు యంత్రపు భారమును వహించి, దానికి తగిన కార్యక్రమము కావలెనని కోరిరి. 1966 జనవరిలో ఆరంభమైన అల్ట్రా క్యూ అట్లు పుట్టినది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో కష్టతరమగు విన్యాసములకు అల్ట్రా అను మాట వాడుకలోనికి వచ్చియుండెను. పేరునకు అదియే మూలము.

ఆ సంవత్సరమే జూలై 17వ తేదీ ఆదివారము సాయంకాలము ఏడు గంటలకు అల్ట్రామాన్ ప్రసారము మొదలయ్యెను. ఈసారి మృగములు మాత్రమే కాదు. వానినెదుర్చు నలుబది మీటర్ల వీరుడును ఉండెను. అతడు దూరపు నక్షత్రలోకవాసి. ఒక మృగమును తరుముచు భూమికి వచ్చి, పొరపాటున ఒక మానవుని విమానమును ఢీకొని, ఆ మృతునికి తన ప్రాణమునే పంచియిచ్చి, అతనిలో నివసించును. అనగా ఈ వీరుని కథ విజయముతో కాక, అపరాధముతోను దాని పరిహారముతోను ఆరంభమగుచున్నది. రూపకల్పన చేసినవాడు నరితా తోరు అను శిల్పి. ప్రాచీన గ్రీకు శిల్పముల పెదవులపై తోచు మందహాసమును ఆయన వీరుని మోమున నిలిపెను. భూమిమీద వీరుని బలము మూడు నిమిషములు మాత్రమే. రొమ్ముమీది దీపము ఎర్రబడి మిణుకుమిణుకుమనగనే దేశమందలి బాలురందరు ఊపిరి బిగబట్టెడివారు. ప్రతి వందయిండ్లలో సగటున ముప్పదియారింటికి పైగా ఆ కార్యక్రమమును చూచుచుండెనని లెక్కలు తెలుపుచున్నవి. 1967లో కొన్ని భాగములను కూర్చి చిత్రశాలలలోను ప్రదర్శించిరి.

కథకులలో ముఖ్యుడు కింజో తెత్సువో. ఒకినావా దీవిలో పెరిగి, బాల్యముననే అచటి ఘోరయుద్ధమును చవిచూచినవాడు. అప్పటికి ఆ దీవి ఇంకను అమెరికా పాలనలోనే యుండెను. రెండు లోకముల నడుమ నిలిచి, రెండింటికిని ఆప్తుడైన వీరుని ఆయన చిత్రించుటలో ఆశ్చర్యము లేదు. త్సుబురాయ స్వయముగా పర్యవేక్షకుడు. పిల్లలు చూచు చిత్రములలో నెత్తురు కనబడరాదని ఆయన నియమము. తరుణవయస్కులగు రచయితలకు, దర్శకులకు మాత్రము స్వేచ్ఛ నిచ్చెను.

ఆ స్వేచ్ఛకు నిదర్శనము 23వ భాగము. ససాకి మమోరు వ్రాయగా జిస్సోజి అకియో దర్శకత్వము వహించెను. అందలి మృగము పేరు జమీలా. అది మృగము కాదు. పూర్వము ఒక దేశమువారు అంతరిక్షమునకు పంపిన మానవుడు. నీరులేని గ్రహమున చిక్కుకొనగా, అపకీర్తికి వెరచి ఆ దేశమువారు అతనిని విడిచి, విషయమును దాచిరి. దాహముతో దేహము మారి, పగతో భూమికి తిరిగివచ్చెను. రక్షకదళము సత్యమును తెలిసికొనెను. కాని అతనిని మృగముగానే చంపి రహస్యమును కాపాడవలెనని పైనుండి ఆజ్ఞ. ఒకనాడు నీటికొరకు అల్లాడినవాడు నీటితోనే బురదలో పొర్లి ప్రాణములు విడిచెను. అతని సమాధిపై ఘనమైన మాటలు చెక్కిరి. ఆ ఆదివారము ఇంటింట పిల్లలు విజయోత్సాహమునకు మారుగా మౌనముతో లేచియుందురు. తనను సేవింపజేసికొని పిదప వదలివేయు ప్రభుత్వమును గురించిన ఈ కథ, యుద్ధమున సేవచేసి పిదప వెలివేయబడిన వృద్ధుని సంస్థనుండి వెలువడుట గమనింపదగినది.

1967 ఏప్రిల్ 9వ తేదీన 39వ భాగముతో ధారావాహిక ముగిసెను. చివరి పోరులో వీరుడు ఓడిపోవును. ఆ మృగమును మానవులే తమ ఆయుధముతో కూల్చుదురు. వీరుడు ఆకాశమునకు మరలిపోవును. ఎవరో వచ్చి రక్షింతురను ఆశను పిల్లలకు మిగల్చక, తమ కాళ్లపై తాము నిలువుమని చెప్పి కథకులు సెలవుగైకొనిరి.

చివరి దినములు

పనిభారము త్సుబురాయ ఆరోగ్యమును హరించెను. ఒకవైపు తోహో చిత్రములు, ఒకవైపు స్వంత సంస్థ, మరియొకవైపు 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనమునకు తయారగుచున్న చిత్రము. గుండెజబ్బు సోకగా విశ్రాంతికై ఇజు ద్వీపకల్పమందలి ఇతో పట్టణమున బసచేసెను. అచట విశ్రాంతి తీసికొనుటకు మారుగా క్రొత్త చిత్రములకు ప్రణాళికలు వ్రాయుచుండెను. ఒకటి జపాను తొలి వైమానికుల కథ. మరియొకటి చంద్రలోకమునకు మరలిపోయిన కగుయాహిమె కథ. 1970 జనవరి 25వ తేదీన ఆయన నిద్రలోనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 68 సంవత్సరములు. పదునైదేండ్ల ప్రాయమున హనేడాలో తెగిపోయిన ఆశను ఆ వృద్ధుడు చివరిదినము వరకు విడువలేదు.

సంస్థ భారము కుమారులపై పడెను. హజిమె 1973లో నలుబదియొక్క సంవత్సరముల వయస్సుననే మరణించెను, కింజో 1976లో. అయినను అల్ట్రామాన్ పరంపర తెగలేదు. 2022లో అన్నో హిదెయాకి రచనతో, హిగుచి షింజి దర్శకత్వమున తొలి ధారావాహికకు నూతనరూపముగా చలనచిత్రము వెలువడెను. 2024 మార్చిలో గాడ్జిల్లా పరంపరలోని చిత్రమొకటి ప్రత్యేకదృశ్య కల్పనకు అమెరికా ఆస్కార్ బహుమానము నందెను. కింగ్ కాంగ్ బొమ్మలను ఒక్కొక్కటిగా పరిశీలించిన శిష్యుని వంశము, ఏకలవ్యునివలె దూరమునుండి నేర్చిన విద్యలో గురువుల దేశమునందే మెప్పు పొందినది.

1935 నాటి కగుయాహిమె చిత్రపు ప్రతి ఒకటి బ్రిటిషు చలనచిత్ర భాండాగారమున భద్రముగా నున్నట్లు 2015లో తెలియవచ్చెను. 2019లో సుకగావా పట్టణమున గ్రంథాలయముతో కూడిన నూతన భవనములో త్సుబురాయ స్మారకశాలను తెరచిరి. 2011 భూకంపమున ఎంతయో దెబ్బతిన్న పట్టణమది. నిజమైన భూమి నిజముగా కంపించి నిజమైన గోడలు కూలుటను చూచిన ఆ ఊరి బాలురు, ఇప్పుడు ఆ శాలలో బొమ్మమేడలను చూచుచున్నారు. నగరమును చిన్నదిగా నిర్మించి కూల్చి చూపుట ఎందులకని వారిలో ఎవరైన అడిగినచో, ఉపాధ్యాయుడు 1942 నాటి చిత్రమును, 1954 నాటి చిత్రమును రెండింటిని గురించియు చెప్పవలెను. ఒకదానిని మాత్రమే చెప్పినచో ఆ జీవితము సగమే తెలియును.